చాందా రైలు నాటి ప్రశ్న

మా జనగామలో సాయంకాలము దీపము పెట్టునప్పుడు చేతులు జోడించు వృద్ధురాండ్రు నేటికిని కొందఱు కలరు. ప్రమిదకు మ్రొక్కిన చేతులే నేడు మీట నొక్కి విద్యుద్దీపమునకు మ్రొక్కుచున్నవి. దానిని జూచి నవ్వుకొను చదువుకొన్నవారును మన యిండ్లలోనే యున్నారు. కాని ప్రమిదలోని నూనె యే గానుగలో ఆడినదో, ఆ గింజలు ఎవరి చేనిలో పండినవో ఆ ముసలమ్మకు తెలిసియుండెను. ఈ క్రొత్త దీపము ఎవరి నేలనుండి వెలుగుచున్నదో నవ్వినవారికిని తెలియదు, మ్రొక్కినవారికిని తెలియదు.

కొంతకాలము క్రిందట చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు సెలవులో నుండగా ఆయన గంటకు నేను పదవ తరగతికి పోయితిని. నేను సంస్కృతమును ఇంగ్లీషును చదువుకొని తెలుగు చెప్పువాడను. చరిత్ర నా పాఠము కాదు. ప్రొద్దు పుచ్చుటకై "మన యిండ్లలోని కరెంటు ఎచ్చటినుండి వచ్చును?" అని యడిగితిని. ఒకడు శ్రీశైలమనెను, ఇంకొకడు రామగుండమనెను. భూపాలపల్లి దిక్కునుండి వచ్చి మా యూరి వసతిగృహములో నుండి చదువుకొను నొక బాలుడు చెల్పూరనెను. చెల్పూరులో బొగ్గును కాల్చి కరెంటు చేయుదురని మంచి జవాబే చెప్పి, కూర్చుండక, "సార్, మా ఊరి కింద బొగ్గున్నదని చెప్పిన్రు. తీస్తమని మమ్ములను ఎవరన్న అడిగిన్రా?" అని నన్నే తిరిగి యడిగెను.

నాకు వెంటనే జవాబు తోచలేదు. గంట కొట్టగానే బయటపడితిని. కాని యా మాట నన్ను విడువలేదు. తరువాత పుస్తకములు తిరుగవేయగా తెలిసినదేమనగా, ఆ బాలుని ప్రశ్న క్రొత్తది కాదు. నూటనలువది యేండ్ల క్రిందట, 1883లో, బొగ్గును రైలును గూర్చియే హైదరాబాదులో కొందఱు దాదాపు అదే ప్రశ్న వేసిరి. నిజాము రాష్ట్రమున ప్రజలు బహిరంగముగ రాజకీయ విషయమున గొంతెత్తుట అదియే మొదటిసారి యని చరిత్రకారులు చెప్పుదురు. ఆ కథను ఇచ్చట కొంచెము విపులముగ చెప్పుచున్నాను.

ముందు బొగ్గు మాట. ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని 1871లో భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు కనుగొనెను. భద్రాచలయాత్రకు పోవువారు త్రోవలో నల్లరాళ్లతో పొయ్యి పెట్టి వంట చేయబోగా రాళ్లే మండినవని ఆ వైపున నొక జనశ్రుతి కలదు. ఆ యాత్రికుల పేర్లు ఎవ్వరికిని తెలియవు. కింగు పేరు మాత్రము ఒక బొగ్గుపొరకు పెట్టగా నేటికిని నిలిచియున్నది. గోదావరీ లోయలోని యీ బొగ్గు 25 కోట్ల యేండ్లకు పైబడిన ప్రాచీనారణ్యముల అవశేషము. చెట్లు బురదలో కూలి, ఇసుకయు మట్టియు వానిపై పొరలుపొరలుగ పేరుకొని, వాని బరువునకును వేడిమికిని నల్లబడి రాయియైనవి. ఆ కాలపు శిలలకు శాస్త్రజ్ఞులు గోండుల పేరిట గోండ్వానా యని పేరు పెట్టిరి. పేరు వారిది, బొగ్గు వారిది కాలేదు.

ఇక రైలు. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వఱకు ఇనుపదారి పడెను. దానిని తూర్పునకు పెంచి వరంగల్లు మీదుగ బెజవాడకు చేర్చవలెననియు, ఒక శాఖను ఉత్తరముగ చాందాకు గొనిపోవలెననియు ఒక పథకము బయలుదేఱినది. చాందా మధ్యపరగణాలలోనిది, ఆ ప్రాంతమున అప్పటికే బొగ్గు తీయుచుండిరి. రైలు నడుచుటకు బొగ్గు కావలెను, బొగ్గు కదలుటకు రైలు కావలెను. ఇందులో తప్పేమియు లేదు. తప్పంతయు పైకము మాటలో నుండెను. లండనులో నొక కంపెనీ యేర్పడును. ఉన్న దారిని అదియే తీసికొనును. క్రొత్త దారిని అదియే వేయును. దాని మూలధనముపై ఏటా నూటికి 5 చొప్పున వడ్డీకి నిజాము ఖజానా హామీ యుండవలెను. బండ్లు నిండుగ నడిచినను ఖాళీగ నడిచినను వడ్డీ ఆగదు. ఆ ఖజానా నిండుట దేనితో? మన జనగామ, మానుకోట తాలూకాల మెట్టరైతు కట్టు శిస్తుతో.

1883 ఫిబ్రవరిలో దివాను సాలార్జంగు హఠాత్తుగా మరణించెను. నిజాము మహబూబ్ అలీఖాను అప్పటికి పదునాఱేండ్ల బాలుడు. (మన మానుకోటకు మహబూబాబాదను పేరు వచ్చినది ఈయన పేరిటనే యందురు.) ఇంటి పెద్ద పోయి, వారసుడు మైనరై యున్నప్పుడు దస్తావేజులపై సంతకములు పెట్టించుకొన వచ్చు బంధువులను మనమందఱము చూచియే యున్నాము. రాజ్యములకును అదియే గతి. రైలు బేరము తొందరపడినది. ఊరిలో గుసగుసలు పుట్టినవి. షరతులేమో ప్రజలకు తెలియవు.

అప్పుడు నగరములోని విద్యావంతులు కొందఱు, హిందువులును ముస్లిములును కలిసి, ఒక సంఘముగ గూడి, ఒప్పందపు షరతులను ప్రకటింపుడని ప్రభుత్వమును కోరిరి. వారిలో ముఖ్యులు అఘోరనాథ చట్టోపాధ్యాయులు. ముల్లా అబ్దుల్ ఖయ్యూము ఆయనకు తోడు. అఘోరనాథులు వంగదేశీయులు, ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవారు, హైదరాబాదు కళాశాలకు అధ్యక్షులు. సరోజినీదేవి వీరి కుమార్తెయే. ఆమెకు అప్పటికి నాలుగేండ్లు. ఆ యింట సరోజిని పెరిగినదని మనకు తెలియును గాని, ఆ యింటి యజమాని ఒక ప్రశ్న వేసినందుకు ఇల్లు విడువవలసి వచ్చినదని మనలో నెందఱికి తెలియును?

వారు రైలు వలదనలేదు. బొగ్గు వలదనలేదు. ఇదిగో, ఇది గమనింపవలసిన విషయము. కాగితములు చూపుడనిరి, అంతే. లాభమెవరిది, నష్టమెవరిది, హామీ ఎన్నేండ్లకు, దారి ఏ పరగణాలలో పోవును, ఇవి ప్రజలకు తెలిసిన పిమ్మట నిర్ణయింపుడనిరి. దానికి ప్రభుత్వమిచ్చిన జవాబు 1883 మే మాసమున వచ్చెను: అఘోరనాథులను ఉద్యోగమునుండి తప్పించి రాష్ట్రమునుండి వెడలగొట్టిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే కంపెనీతో ఒప్పందము కుదిరెను. కొన్నేండ్లకు ఆయనను మఱల పిలిచి యుద్యోగమిచ్చిరి. ఒప్పందమును మాత్రము ఎవ్వరును మఱల పిలువలేదు. 1886 నాటికి ఇనుపదారి మా జనగామ మీదుగ వరంగల్లు చేరెను, 1889 నాటికి బెజవాడ చేరెను. చాందా శాఖ అప్పుడు పడలేదు. కాజీపేట నుండి బలార్షా పోవు దారి 1920ల చివరికి గాని పూర్తికాలేదు. నేడు ఆ దారిన పోవువారికి కిటికీలోనుండి బొగ్గుబండ్ల వరుసలు కనబడును.

పథకమును ఎదిరించినవారు తప్పుడు భయము పడిరేమో యని కొందఱు తలపవచ్చును. వారి భయము తప్పు కాదని మూడేండ్లలోనే తేలినది. 1886లో నిజాము రాష్ట్రములోని ఖనిజములు తవ్వు హక్కును వాట్సను, స్టివార్టు అను నిద్దఱు ఇంగ్లీషువారు 99 యేండ్లకు పొందిరి. వారి హక్కును తీసికొని లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడెను. పది లక్షల పౌనుల మూలధనమని కాగితముపై వ్రాసికొనిరి గాని, వాటాలలో అధికభాగము పైకము చెల్లింపకయే హక్కు సంపాదించినవారి చేతిలో పడినవి. రైలు బేరమును నడిపిన అబ్దుల్ హక్కు అను నిజాము ప్రభుత్వోద్యోగియే ఇందులోను మధ్యవర్తి. ఆయన లోలోపల వాటాలు సంపాదించి, వానినే తన ప్రభుత్వముచేత హెచ్చు ధరకు కొనిపించెను. సంగతి బయటపడగా 1888లో బ్రిటిషు పార్లమెంటు ఒక విచారణ సంఘమును నియమించెను. అబ్దుల్ హక్కు పదవి పోయెను.

చూడుడు, 1883లో హైదరాబాదులో అడిగినందుకు దేశబహిష్కారము తెచ్చిన ప్రశ్ననే, 1888లో లండనులో గౌరవనీయులైన సభ్యులు బల్లచుట్టు కూర్చుండి యడిగిరి. అక్కడ వాటాలు కొన్నవారి పైకము చిక్కున పడినది కాబట్టి అడిగిరి. నేల యెవరిదో వారి మాట ఆ విచారణలో రాలేదు. ఇల్లెందు అడవిలోని కోయవానిని సాక్ష్యమునకు ఎవరు పిలుతురు?

తవ్వకము 1889లో సాగెను. ఇల్లెందు బొగ్గు డోర్నకలు జంక్షనునకు వచ్చి, అచ్చటనుండి దక్షిణదేశమునకెల్ల పోయెను. నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న డోర్నకలు పెరిగి పట్టణమైనది ఆ బొగ్గు బండ్లవలననే. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యను పేర క్రొత్త సంస్థ యేర్పడి పాతదాని ఆస్తియప్పులను స్వీకరించెను. 1945లో నిజాము ప్రభుత్వము అందలి వాటాలలో అధికభాగము కొనెను. 1956లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకును, తరువాత తెలంగాణ ప్రభుత్వమునకును ఆ వాటాలు సంక్రమించినవి. నేడు నూటికి 51 పాళ్లు రాష్ట్రమువి, 49 పాళ్లు కేంద్రమువి. కంపెనీ ఇంగ్లీషువారి చేతినుండి మన చేతికి వచ్చినది. ఇది చిన్న మాట కాదు. ఆ జీతములతో వేలకొలది కుటుంబములు గుడిసెనుండి మిద్దెకు వచ్చినవి. గని కార్మికుని కుమార్తె డాక్టరగుట నేను కన్నులార చూచితిని.

అయితే పై ప్రశ్నకు జవాబు వచ్చినదా? ఇచ్చట మా జనగామను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. 1946 జూలై 4న ఈ ప్రాంతపు కడవెండిలో దొడ్డి కొమరయ్య దొరల తుపాకులకు ప్రాణమిచ్చెను. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తాను పండించిన గింజలు తన యింటికే చేరవలెనని పట్టుపట్టెను. దున్నువానికి నేలమీద హక్కు కలదను మాట ఈ పల్లెలు దేశమునకు నేర్పినవి. కాని ఆ హక్కు నాగలి దిగునంత లోతు వఱకే. దాని క్రింది బొగ్గు సర్కారుది. బొగ్గు కావలసిన దినమున పైనేలయు సర్కారుది యగును. పట్టా పుస్తకము అప్పుడు నష్టపరిహారమునకు రసీదు మాత్రమే.

ఇది భూపాలపల్లిలో కండ్లకు కట్టినట్లు కనబడును. అచ్చటి గనులకు కాకతీయఖని యని పేరు. మొదట తవ్వినవి భూగర్భగనులు. ఏటవాలు సొరంగమున కార్మికులు దిగి, స్తంభములవలె బొగ్గును నడుమ విడిచి, తవ్వి తెచ్చెడివారు. పైన పొలము పొలముగనే యుండెడిది, అచ్చటచ్చట నేల క్రుంగినను. తరువాత ఓపెన్ కాస్టు వచ్చెను. ఇందులో సొరంగము లేదు. అడవిని, చేనును, ఇంటిని, చెఱువును తొలగించి, రాతిని మందుగుండుతో ప్రేల్చి, మట్టినంతటిని లారీలతో తీసి ప్రక్కన గుట్టలుగ పోసి, అట్టడుగున నున్న బొగ్గును యంత్రములతో ఎత్తుకొందురు. ఒక టన్ను బొగ్గునకై అనేక టన్నుల మట్టి కదలవలెను. గొయ్యి లోతగుకొలది చుట్టుప్రక్కల భూజలము దానిలోనికి ఊరును. బావులలో నీరు దిగిపోవును. ప్రేలుడు పెట్టినప్పుడు వంటింటి గోడకున్న గిన్నెలు గలగలలాడును. ఎండాకాలమున ఆరవేసిన బట్టపై బొగ్గుపొడి పడును. ఇవన్నియు చదివి చెప్పుచున్నవి కావు. ఆ బాలుని యింట రెండు దినములుండి చూచినవి.

ఓపెన్ కాస్టువలన బొగ్గు చౌకగ వచ్చును, ప్రాణాపాయము తక్కువ. సొరంగములలో పైకప్పు కూలి చనిపోయినవారి భార్యల నడుగుడు, ఆ మాట యెంత బరువైనదో చెప్పుదురు. కాని కూలీల సంఖ్యయు దానితోనే తగ్గినది. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండిరి; నేడు సుమారు 40 వేలు. బొగ్గు మాత్రము నాటికంటె ఎన్నో రెట్లు పెరిగి ఏటా సుమారు 7 కోట్ల టన్నులైనది. ఊరు పోవుట హెచ్చినది, ఉద్యోగము తగ్గినది. తెలంగాణ ఉద్యమ దినములలో "ఓపెన్ కాస్టులు వద్దు" అను మాట వేదికలపై తరచుగ వినబడెను. 2014లో రాష్ట్రము వచ్చెను. గోతులు ఆగలేదు. చెల్పూరులో 2010లో 500 మెగావాట్లతో మొదలైన కాకతీయ విద్యుత్కేంద్రమునకు 2016లో మఱి 600 తోడైనవి. దాని పొయ్యికి బొగ్గు కావలెను గదా. వేదికలపై మాటలాడినవారిని నిందించుట సులువు. మన యింట రెండు గంటలు కరెంటు పోయినచో మనమేమి యందుమో కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

రామప్ప సంగతి కొంత వేఱు. పాలంపేటలోని యా దేవాలయమును గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించెను. పునాదిలో ఇసుక నింపి, దానిపై రాతికట్టు నిలిపి, శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన యిటుకలు వాడిరి. భూమి కదలిన ఇసుక సర్దుకొనునని వారి యుద్దేశము. అట్టి గుడికి సమీపమున ఓపెన్ కాస్టు గని తలపెట్టినారని తెలియగానే వరంగల్లులోని కాకతీయ హెరిటేజి ట్రస్టువారును, స్థానికులును, ఇంజనీర్లును అభ్యంతరము చెప్పిరి. ఎనిమిదివందల యేండ్ల క్రిందటి శిల్పి భూకంపమును తలచెను గాని దినదినము ప్రేలు మందుగుండును తలపలేదు. 2021 జూలైలో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తించిరి. రాతికి అంతర్జాతీయ రక్షణ దొరకుట సంతోషమే. ఆ ప్రక్క పల్లెలోని మంచినీటి బావికి ఏ సంస్థ పట్టిక యున్నది?

ఈ ప్రశ్న మనయందే పుట్టలేదు. బొగ్గునకు తమ్ముడైన వాయువును గూర్చి పశ్చిమదేశములలో ఇటీవల గొప్ప యాందోళనములు జరిగినవి. ఫ్రాకింగు అను పద్ధతి కలదు. వేల అడుగుల లోతునకు బోరు దింపి, అచ్చట దానిని అడ్డముగ త్రిప్పి, నీటిని ఇసుకతోను రసాయనములతోను కలిపి మహా ఒత్తిడితో పంపి, రాతిని పగులగొట్టి అందలి వాయువును పైకి రప్పింతురు. 1947లో అమెరికాలోని కాన్సాసులో దీనిని మొదట పరీక్షించిరి. ఈ శతాబ్దమున అది విరివియై, బావులు చెడునను భయము గలిగి, పల్లెటూరివారును పట్టణపువారును కూడి ఎదిరింపగా, 2011లో ఫ్రాన్సు దానిని నిషేధించెను. 2014 డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రము వలదని నిశ్చయించెను. ఇంగ్లండులో లాంకషైరునందు 2019 ఆగస్టులో బోరుచెంత భూమి 2.9 ప్రమాణమున కంపింపగా, నవంబరులో ప్రభుత్వము ఆపివేసెను. మూడేండ్లకు ఒక ప్రధాని మఱల అనుమతించెను. మఱుసటి ప్రధాని కొలది వారములలోనే మఱల ఆపెను. మన పొరుగున కావేరి డెల్టా రైతులు తమ పొలములలో మీథేను, హైడ్రోకార్బను బోర్లు వలదని యేండ్ల తరబడి పోరాడగా, 2020లో తమిళనాడు ప్రభుత్వము డెల్టాను రక్షిత వ్యవసాయ మండలముగ శాసనము చేసెను.

వాయువనగానే గృహిణులకు సిలిండరు జ్ఞప్తికి వచ్చును. కట్టెపొయ్యి పొగలో కన్నులు పోగొట్టుకొన్న మా అమ్మను తలచుకొన్నప్పుడు ఆ నీలిజ్వాలను నేను నిందింపలేను. కాని అదియు ఒక నేలనుండియే వచ్చును. కోనసీమలోని పాసర్లపూడిలో 1995 జనవరిలో బోరు బ్రద్దలై మంట 65 దినములు మండెను. 2014 జూన్ 27న నగరములో గ్యాసు గొట్టము పగిలి, తెల్లవారుజామున నిద్రలోనే పలువురు కాలిపోయిరి. ఆ నగరమనునది గోదావరి జిల్లాలో నొక పల్లె. పేరు వినియైనను ఉందుమా?

అడిగినవారు గెలుచుటయు కలదు. శ్రీకాకుళము జిల్లా సోంపేటలో బీల యను చిత్తడినేలపై బొగ్గు విద్యుత్కేంద్రము కట్టబోగా, దానిపై బ్రతుకు రైతులును జాలరులును తిరుగబడిరి. 2010 జూలై 14న పోలీసుల కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ దినముననే ఢిల్లీలోని పర్యావరణ అప్పీలు న్యాయస్థానము ఆ కేంద్రపు అనుమతిని రద్దు చేసెను. ఒక దినము ముందుగ చేసియున్నచో ఎంత బాగుండెడిది! 2019లో నల్లమలలో యురేనియము అన్వేషణను గూర్చి చెంచులు మొదలు పట్టణ విద్యార్థుల వఱకు గొంతెత్తగా, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వలదని యేకగ్రీవముగ తీర్మానించెను. పులులుండు అడవి కాబట్టి పట్టణము కదలినది. భూపాలపల్లి చేలలో పులులు లేవు.

ఇక బొగ్గు మాని మఱియొకటి కలదా యందురేమో. కలదు, అది మన కండ్లయెదుట లేచుచున్నది. 1882లో లండనులోని హాల్బర్ను వంతెనకడ బొగ్గుతో తొలి విద్యుత్కేంద్రమును వెలిగించిన యింగ్లండు, 2024 సెప్టెంబరు 30న తన కడపటి బొగ్గు కేంద్రమును మూసివేసెను. చాందా యాందోళనమునకు ఒక్కయేడు ముందు పుట్టిన పొయ్యి అది. మన సింగరేణివారును సూర్యరశ్మివైపు తిరిగిరి. 1889లో తొలి తట్టెడు బొగ్గు తీసిన ఇల్లెందులోనే నేడు 39 మెగావాట్ల సౌరకేంద్రము కలదు. భూపాలపల్లిలో 10 మెగావాట్లది కలదు. రామగుండములో ఎన్.టి.పి.సి. వారు జలాశయముపై తేలు పలకలతో 100 మెగావాట్లు 2022 నుండి తీయుచున్నారు. చెల్పూరు 1,100 మెగావాట్ల యెదుట భూపాలపల్లి 10 ఎంత యని నవ్వవచ్చును. పైగా సౌరపలక పగలే పనిచేయును, చెల్పూరు పొయ్యి రాత్రియు మండును. అయినను తొలినాటి ఇల్లెందు బొగ్గు మాత్రమెంత?

నా భయము వేఱొకటి. సౌరకేంద్రమును కాచుటకు కొలదిమంది చాలుదురు. గని మూతపడిన దినమున ఆ కార్మికుని కుమారుడు ఎచ్చటికి పోవలెను? సింగరేణి యూళ్లలో తండ్రి యుద్యోగము కొడుకునకు వచ్చుననునది ఒక నమ్మకము, పెండ్లి సంబంధములు సైతము దానిమీద కుదురును. బొగ్గు వలదని పట్టణములలో వ్యాసములు వ్రాయు నావంటివారు ఆ పెండ్లిపెద్దకు జవాబు చెప్పగలరా? చెప్పలేనిచో మన మాటలు గాలిని శుభ్రపఱచును గాని కడుపు నింపవు. మఱియు సౌరపలకకును నేల కావలెను. సూర్యుని పేర తీసికొన్నను అసైన్‌మెంటు భూమి అసైన్‌మెంటు భూమియే. అందుకే నేను "బొగ్గా, సూర్యుడా?" అను వాదముకంటె అఘోరనాథుల ప్రశ్ననే పెద్దదిగ నెంచుచున్నాను. కాగితములు చూపుడు, తరువాత మాటలాడుదము.

ఆ ప్రశ్నకు నేడు చట్టములో ఒక చోటు దొరకినది. పెద్ద గనికిగాని విద్యుత్కేంద్రమునకుగాని పర్యావరణ అనుమతి యిచ్చుటకు ముందు, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ చోటనే ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెననియు, ముప్పది దినములు ముందుగ ప్రకటింపవలెననియు, నివేదిక సంగ్రహమును స్థానిక భాషలో నందరికి అందుబాటున నుంచవలెననియు 2006 నాటి కేంద్ర ప్రకటన విధించుచున్నది. 1883లో ఇంతమాత్రముండినచో ఒక రసాయన శాస్త్రవేత్త పెట్టె సర్దుకొనవలసిన పని లేకుండెడిది. అట్టి సభలు నేను రెండు చూచితిని. గుడారము, పోలీసులు, వేదికపై అధికారులు, ముందు వరుసలో నాయకులు, చిట్టచివర స్త్రీలు. నీళ్లు మోయునది వారు, మాటలాడునది మఱియొకరు.

కిందటి వేసవికి ముందు ఆ బాలుడు అట్టి సంగ్రహము నొకదానిని ఇంటినుండి తెచ్చెను. ఏ తవ్వకమో, ఎవరిదో ఇచ్చట అనవసరము. దానిని తరగతిలో గద్యపాఠమువలె చదివించితిని. నా సంస్కృతమునకే కొఱుకుడుపడని సమాసములు అందులో నుండెను. "ఉపశమన చర్యలు" అనగానేమని పిల్లలడుగగా నేనే తడబడితిని. ఒక్కొక్క వాక్యమును విప్పి వాడుకమాటలలో వ్రాయించుటకు నాలుగు దినములు పట్టెను. నాలుగవ దినమున ఆ బాలుడు లేచి, సంగ్రహములో చెప్పిన జలాశయముల పట్టికలో తమ యూరి చెఱువు లేదనెను. రెండుమాఱులు చూచితిమి. లేదు.

వాడే యొక పుట యుత్తరము వ్రాసెను. చెఱువు పేరు, దాని క్రింద పాఱు మడుల లెక్క, అందులో చేపలు పట్టువారి యిండ్ల సంఖ్య, అంతే. రెండుచోట్ల వర్ణక్రమము దిద్దితిని, మఱేమియు ముట్టలేదు. సభలో దానిని వాని నాయనమ్మ చదివించి యిచ్చుననెను. ఆమెకు చదువు రాదు, కాని ఆ చెఱువును ఆమెకంటె ఎఱిగినవారు లేరట. కాగితమిచ్చిన పిమ్మట దానికి రసీదు తీసికొనక కదలవద్దని చెప్పి పంపితిని. సోమవారమునాడు వాడు బడికి వచ్చి చొక్కాజేబులోనుండి మడతపెట్టిన రసీదు తీసి నా బల్లపై నుంచెను.